ఆదివారాలే కొట్టే కరెంటు

మా పని సరిగ్గా జరిగితే ఏమీ జరగదు. లైటు వెలుగుతుంది, నల్లాలో నీళ్లు వస్తాయి, మమ్మల్ని ఎవరూ తలచుకోరు. ముప్పై ఏళ్లు ఈ పని చేసి ఇప్పుడు ఇంట్లో కూర్చున్నాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు వచ్చి, మీరు చూసిన వాటిలో పెద్ద కేసు ఏదని అడుగుతారు. ఏదో పెద్ద బంగళా గురించో, కాలిపోయిన జనరేటరు గురించో చెబుతానని వాళ్ల ఆశ. నేను చెప్పేది కనకమామిడి దగ్గర ఒక ఫాంహౌస్ వెనక, అంట్లు తోమే చోట ఉన్న నల్లా గురించి. అది నేను తప్పు చేసిన కేసు.

అప్పట్లో నేను చేవెళ్లలో ఒక చిన్న సంస్థలో పనిచేసేవాణ్ని. చేవెళ్ల, మొయినాబాద్ మండలాల్లో నగరం వాళ్లు కట్టుకున్న ఫాంహౌస్‌ల బాగోగులు చూడటం మా పని. యజమానులు ఆదివారం వస్తారు, సాయంత్రానికి వెళ్లిపోతారు. ఏదైనా చెడిపోయాక వెళ్లి బాగుచేయడం కాదు, చెడిపోకముందే మూడు నెలలకోసారి వెళ్లి చూడాలి. మేం ఇద్దరం ఒకే బండి మీద తిరిగేవాళ్లం. కరెంటు నాది, నీళ్లు ఎంకపల్లి ఊరి ప్లంబరువి. అతను నాకన్నా పదేళ్లు చిన్న, నన్ను అన్నా అని పిలిచేవాడు. చేతి పని చాలా శుభ్రం. అతను అతికించిన పైపు కారడం నేను చూడలేదు.

మా దగ్గర ఒక కాగితం ఉండేది. అందులో వరసగా గళ్లు. మోటరు, స్టార్టరు, గీజర్లు, ట్యాంకు, పైపులు, ఎర్తింగ్. చూసినదానికల్లా ఒక టిక్కు పెట్టాలి. మొదటి ఏడాది ప్రతి గడినీ పరీక్షించి టిక్కు పెట్టాను. రెండో ఏడాది చూసి పెట్టాను. మూడో ఏడాదికి చెట్టు కింద కూర్చుని టీ తాగుతూ అన్నిటికీ ఒకేసారి పెట్టడం వచ్చేసింది. దాన్ని మేం అనుభవం అనేవాళ్లం.

ఆ కనకమామిడి ఇంట్లో ముందువైపు గడ్డిలో చక్కటి సిమెంటు మూత ఒకటి ఉండేది. దాని మీద పచ్చరంగుతో ఎర్త్ అని రాసి ఉండేది. కరెంటు దారి తప్పి గీజరు ఒంటికో, మోటరు ఒంటికో పాకితే, అది మనిషిలోంచి పోకుండా నేలలోకి పోవడానికి తవ్విన గుంత అది. ఆ మూత చూసినప్పుడల్లా ఎర్తింగ్ గడిలో టిక్కు పెట్టేవాణ్ని. మూత ఎత్తి మాత్రం ఎన్నడూ చూడలేదు.

ఆ ఇంటిని చూసుకునే భార్యాభర్తలది ఆలూరు. ఇద్దరూ ఫాంహౌస్‌లోనే ఒక గదిలో ఉండేవాళ్లు. భర్త తోట పని చేసేవాడు, ఆమె ఇంటి పని, వంట పని చూసేది. నలభై ఏళ్లుంటాయి. తక్కువ మాట్లాడేది, మాట్లాడితే ఎదుటి మనిషి కళ్లలోకి చూసి మాట్లాడేది. రెండు మేకలు కూడా పెంచుకునేది.

ఒక చలికాలం ఆ ఇంటి యజమాని ఫోన్ చేశాడు. ఆదివారం చుట్టాలతో వస్తే నాలుగుసార్లు కరెంటు పోయిందని, తన పరువు పోయిందని కేకలేశాడు. తర్వాతి శనివారం వెళ్లి చూశాను. మెయిన్ బోర్డులో ఒక రక్షణ స్విచ్చు ఉంటుంది. కరెంటు పోవాల్సిన దారిలో కాకుండా ఎక్కడైనా కొంచెం కారినా అది పసిగట్టి సరఫరా ఆపేస్తుంది. అదే పడిపోతోంది. ఎందుకు పడుతోందో సాయంత్రం దాకా వెతికినా దొరకలేదు. మర్నాడు ఆదివారం, మళ్లీ చుట్టాలున్నారు. యజమాని పక్కనే నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. జానెడు వైరు ముక్క తీసుకుని, ఆ స్విచ్చును తప్పించి నేరుగా కలిపేశాను. రెండు రోజుల్లో వచ్చి సరిచేద్దామనుకున్నాను. ఆ తర్వాత కరెంటు పోలేదు, ఫోనూ రాలేదు. ఫోను రాని ఇంటికి ఎవరు వెళతారు? మర్చిపోయాను.

ఎండాకాలంలో ఆ ఇంట్లో బోరు నుంచి వచ్చే పాత ఇనుప పైపు తుప్పు పట్టి కారడం మొదలైంది. మా ప్లంబరు నేల తవ్వి, ఇనుప పైపు కోసి తీసేసి, మొత్తం ప్లాస్టిక్ పైపు వేశాడు. వెనక గోడలో నల్లా ఉన్న రెండు మూరల ఇనుప ముక్క మాత్రం గట్టిగా ఉందని దాన్నలా ఉంచి, దానికే కొత్త పైపు అతికించాడు. మంచి పని. నేనే మెచ్చుకున్నాను.

వానలు పడ్డాక మూడు నెలల తనిఖీకి వెళ్లాం. అది మంగళవారం. మధ్యాహ్నం మేం టీ తాగుతుంటే ఆమె వచ్చి నా ముందు నిలబడింది.

"అన్నా, ఎనక నల్లా కరుస్తున్నది. జర చూడు."

"కరుసుడేంది చెల్లె?"

"కరెంటు కొడుతున్నది. ముట్టుకుంటె మోచేతి దాంక గుంజుతున్నది."

టెస్టరు తీసుకుని వెళ్లి నల్లాకు ఆనించాను. వెలగలేదు. చేత్తో ముట్టుకున్నాను. ఏమీ లేదు. తిప్పాను, నీళ్లు వచ్చాయి.

"ఏం లేదు గదా!"

"ఇప్పుడు లేదు. ఆదివారాలే కొడుతున్నది."

నాకు నవ్వొచ్చింది. "కరెంటుకు ఆదివారం, సోమవారం తెల్వదు చెల్లె" అన్నాను.

ఆమె నవ్వలేదు. "పోయిన నెల నా మేక ఆ నల్లాకింద తొట్లె నీళ్లు తాగవోయి సచ్చింది. మా ఆయన పామన్నడు. నేనంత చూసిన, యాడ గాటు లేదు. అది గూడ ఆదివారమే."

ఆమె భర్త పక్కనుంచి "పురుగు ముట్టిందన్నా, దాని మాటలు పట్టించుకోకు" అన్నాడు. నేను పట్టించుకోలేదు. చేతులు తడిగా ఉన్నప్పుడు చలికి జిల్లుమంటుందని ఆమెకు చెప్పి, కాగితం మీద అన్ని గళ్లకూ టిక్కులు పెట్టి వచ్చేశాం. ఆదివారం కరెంటు అని మొయినాబాద్ చేరేదాకా బండి మీద ఇద్దరం నవ్వుకున్నాం.

పిల్లలూ, ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఆమె నాకు జబ్బు పేరు చెప్పలేదు కానీ దాని వేళ చెప్పింది. ఆ ఇంట్లో ఆదివారం తప్ప ఇంకే రోజూ గీజర్లు వేయరు. పదో తరగతి పిల్లవాడైనా రెండూ కలిపి చూసేవాడు. నా దగ్గర పనిముట్లున్నాయి, అనుభవం ఉంది. అందువల్ల చూడలేదు.

ఆ తర్వాత మూడో ఆదివారం పొద్దున తొమ్మిదింటికి యజమాని ఫోన్. "వెంటనే రండి. ఈమెకు పిచ్చెక్కినట్టుంది. ఇంట్లో కరెంటు తీసేసి కూర్చుంది. ఇరవై మంది చుట్టాలున్నారు!"

వెనక నుంచి పిల్లల ఏడుపులు, ఆడవాళ్ల కేకలు వినిపిస్తున్నాయి. చేవెళ్ల నుంచి బండి తీశాను.

వెళ్లేసరికి వరండాలో జనం గుమికూడి ఉన్నారు. యజమాని మనవడి పుట్టినరోజట, అందరూ ముందురోజు రాత్రే వచ్చేశారట. చెట్లకు బుడగలు కట్టారు. ట్యాంకు అప్పటికే అడుగంటింది, మోటరు ఆగిపోవడంతో నీళ్లు లేక బాత్రూముల్లో ఇద్దరు సబ్బు నురగతో ఇరుక్కుపోయారు, లోపల నుంచి కేకలేస్తున్నారు. మెయిన్ బోర్డు ముందు ప్లాస్టిక్ స్టూలు వేసుకుని ఆమె కూర్చుంది. మెయిన్ కిందికి గుంజి, మూడు ఫ్యూజులూ పీకి, కొంగులో మూటకట్టి ఆ మూటను పిడికిట్లో పట్టుకుంది. భర్త పొద్దున్నే టమాటాలతో మార్కెట్టుకు పోయాడు. ఆమె వైపు మాట్లాడేవాళ్లు ఒక్కరూ లేరు.

"చూశారా?" అన్నాడు యజమాని. "పిల్లలు వెనక నల్లా దగ్గర తొట్టిలో నీళ్లు నింపుకుని ఆడుకుంటామన్నారు. అంతే, పరుగెత్తుకొచ్చి ఈ పని చేసింది. అడిగితే జవాబు లేదు. సాయంత్రం మూట సర్దుకుని పొమ్మని చెప్పేశాను."

"పొమ్మంటె పోత సారూ" అందామె, అతని వైపు చూడకుండా. "పోరగాళ్లను మాత్రం నల్లాకాడికి పోనియ్యకుండ్రి."

నేను ముందుకు వెళ్లి చేయి చాపాను. "ఫ్యూజులియ్యి చెల్లె. నేను చూస్త."

"ఇయ్య."

"నేనొచ్చిన గదా!"

"నువ్వు మొన్న గూడ వచ్చినవు. ఏం లేదన్నవు." ఆమె కుడిచేయి చూపింది. మోచేయి కొట్టుకుపోయి రక్తం గడ్డకట్టింది. "పొద్దుగాల గిన్నెలు కడుగవోతె ఎత్తి పడేసింది. నేను లేసెటాల్లకు పిల్లలు తొట్టి పట్టుకొని వస్తుండ్రు. చెప్తె ఎవలు ఇంటరు? నువ్వే ఇనలే."

 అందరూ నన్నే చూస్తున్నారు. చివరికి అడిగాను, "ఏం చేస్తె ఇస్తవు?"

"అందరు ఎనకకు పోవాలె. గీజర్లన్ని ఎట్లున్నయో అట్లనే ఉండాలె. బందు చెయ్యొద్దు. గప్పుడు చూడు."

మొన్న నేను చేయని పరీక్ష అదే. జనాన్నందర్నీ వరండాలోకి పంపించాను. లోపల ఇరుక్కున్నవాళ్లను టవల్స్ కట్టుకుని బయటికి రమ్మన్నాను. ఏ స్విచ్చూ ముట్టుకోవద్దని గట్టిగా చెప్పాను. ఆమె కొంగు విప్పి ఫ్యూజులు ఒక్కొక్కటే నా చేతిలో పెట్టింది. వాటిని బోర్డులో బిగించాను. మెయిన్ పైకెత్తి వెనక్కి వెళ్లాను.

తడి నేలలో ఒక ఇనుప చువ్వ దిగ్గొట్టి, మీటరు ఒక కొస చువ్వకు, రెండోది నల్లాకు ఆనించాను. ముల్లు రెండు వందలు దాటి నిలబడింది. మనిషిని చంపడానికి అందులో సగం చాలు. పది అడుగుల దూరంలో నీలం రంగు ప్లాస్టిక్ తొట్టి, అందులో రెండు బాతు బొమ్మలు.  వెళ్లి మెయిన్ దించేశాను.

"గీజరు పాడైంది సార్" అన్నాను యజమానితో. అబద్ధం కాదు. రెండో బాత్రూములో గీజరు లోపలి రాడ్డు పగిలి కరెంటు దాని ఒంటికి పాకుతోంది. దాన్ని విప్పి తీసి పక్కన పెట్టాను. "ఆమె చేసింది మంచి పనే" అని కూడా అన్నాను. యజమాని ముఖంలో రంగు మారింది. ఆయన కోడలు చిన్న పిల్లాణ్ని ఎత్తుకుని గట్టిగా అదుముకుంది.

ఆ మాటతో వదిలేసి ఉంటే నా పరువు దక్కేది. బోర్డు మూత విప్పితే జానెడు వైరు ముక్క నేను పెట్టినచోటే ఉంది. దాన్ని పీకి జేబులో వేసుకున్నాను. ఎవరూ చూడలేదు.

ఇంతలో మా ప్లంబరు ఎంకపల్లి నుంచి వచ్చాడు. ఇద్దరం వెనక గోడ పగలగొట్టి చూశాం. ఇంటి ఎర్త్ వైరు గోడలోంచి వచ్చి ఆ నల్లా ఉన్న ఇనుప ముక్కకు బిగించి ఉంది. ఇల్లు కట్టినవాడెవడో అసలు గుంతలోకి వైరు వేయకుండా, నేలలోకి పోతున్న ఇనుప పైపుకే కట్టేశాడు. పైపు ఉన్నన్నాళ్లూ అదే ఎర్తింగ్‌గా పనిచేసింది. పైపు కోసి ప్లాస్టిక్ వేశాక, గీజరు నుంచి పాకిన కరెంటు నేలకు పోయే దారి లేక ఆ నల్లా దగ్గరికి వచ్చి ఆగుతోంది. ఎవరు ముట్టుకుంటే వాళ్లే దారి.

"ఈ తీగ నేను సూసిన అన్నా" అన్నాడు ప్లంబరు మెల్లగా. "పైపు కోయనీకి గోడ పగలగొట్టిననాడే సూసిన. కరెంటు పని నీది గదా, నీకెరుకే ఉంటదనుకున్న."

"నేను పైపు నీ పని అనుకున్న" అన్నాను.

ముందుకు వెళ్లి గడ్డిలోని సిమెంటు మూత ఎత్తాం. లోపల పొడి ఇసుక, దాని నిండా చీమల పుట్ట. వైరు లేదు, ఏమీ లేదు. నాలుగేళ్లుగా నేను టిక్కు పెట్టింది ఆ చీమలకు.

తిరిగి వచ్చేసరికి యజమాని కాస్త కుదుటపడ్డాడు. ఆమెను పిలిచి, "నువ్వు చేసింది సరే, కానీ ముందే ఎవరికైనా చెప్పాలి కదమ్మా, అందరి ముందూ ఇలా చేస్తారా?" అన్నాడు.

"చెప్పిన సారూ. అన్నకు చెప్పిన."

ఆమె నన్ను చూపించలేదు, నా వైపు చూడలేదు. చెప్పి ఊరుకుంది. యజమాని మాత్రం నా వైపు తిరిగాడు. ప్లంబరు తల దించుకున్నాడు. పైపు కోసింది తనే కాబట్టి, నేను ఒక్క మాట అంటే నింద అతని మీద పడుతుందని అతనికి తెలుసు. నాకూ తెలుసు. ఆ ఒక్క మాట నాలుక చివరిదాకా వచ్చిందని దాచకుండా చెబుతున్నాను.

జేబులోంచి వైరు ముక్క తీసి బల్ల మీద పెట్టాను.

"ఇది నేను పెట్టింది సార్. రక్షణ స్విచ్చు పడుతోందని తప్పించి కలిపాను. అది ఉండి ఉంటే నల్లా ముట్టిన క్షణంలో కరెంటు ఆగిపోయేది. చలికాలంలో అది ఊరికే పడలేదు. గీజరు పాడవుతోందని చెప్పడానికి పడింది. నేను నోరు మూయించాను. ఎర్త్ గుంత మూత కూడా ఏనాడూ ఎత్తలేదు. చెల్లె చెబితే నవ్వాను."

 యజమాని కేకలేస్తాడనుకున్నాను. వేయలేదు. "మిమ్మల్ని నమ్మి పిల్లల్ని తీసుకొస్తున్నాం" అన్నాడు. కేకలేసి ఉంటే ఇప్పటికి మర్చిపోయేవాణ్ని.

ఆ ఇంటి పని మా సంస్థ చేతిలోంచి పోయింది. వేరేవాళ్లు వచ్చి కొత్త గుంత తవ్వి, సరిగ్గా ఎర్తింగ్ వేసి వెళ్లారు. ఆమెను పని లోంచి తీయలేదు. క్షమాపణ కూడా ఎవరూ అడగలేదనే అనుకుంటాను. ఆ రోజు నేను బయల్దేరుతుండగా యజమాని కోడలు దూదీ, మందూ తెచ్చి ఆమె మోచేతికి తనే రాస్తోంది. ఆమె ఇబ్బందిగా, నిటారుగా కూర్చుని ఉంది.

మర్నాడు మా సంస్థ ఓనరుకు చెప్పాను, మా లెక్కలో ఉన్న ఇళ్లన్నీ మళ్లీ చూడాలని. "లేని రోగాలు ఎతుకుతవా?" అని విసుక్కున్నాడు. సెలవు పెట్టి తిరిగాను. ప్లంబరు మొదట రానన్నాడు. రెండో రోజు పొద్దున చెప్పకుండానే బండి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. రెండు వారాల్లో ఇరవై రెండు ఇళ్లు చూశాం. ప్రతి మూతా ఎత్తాం. మూడు ఇళ్లలో ఎర్త్ వైరు నీళ్ల పైపుకే కట్టి ఉంది. ఒక ఇంట్లో రక్షణ స్విచ్చు తప్పించి ఉంది. ఆ ముడి వేసిన తీరు చూసి నా చేతి పనేనని గుర్తుపట్టాను. ఎప్పుడు వేశానో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఇన్నేళ్లలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టింది అదే. మొదటిది నాకు గుర్తుంది కాబట్టి అది తప్పు. రెండోది గుర్తు కూడా లేదు, అంటే అప్పటికి అలవాటైపోయింది.

అప్పటి నుంచి ప్లంబరు పైపు కోసే ముందు నన్ను పిలిచేవాడు. నేను వైరు విప్పే ముందు అతన్ని పిలిచేవాణ్ని. దాని వల్ల ప్రతి పనీ గంట ఆలస్యమయ్యేది. మా ఓనరు చివరిదాకా తిడుతూనే ఉన్నాడు. ఇంకో పద్ధతి కూడా పెట్టుకున్నాం. ఏ ఇంటికి వెళ్లినా సంచి విప్పకముందే అక్కడ పనిచేసే మనిషిని పిలిచి అడగాలి. ఏది కొడుతోంది, ఏది కారుతోంది, ఏ వేళప్పుడు అని. వాళ్లు చెప్పింది వినేటప్పుడు నవ్వకూడదు.

పని మానేసిన ఏడాదికి, ఒకరోజు ఆమె భర్తతో కలిసి చేవెళ్లలో మా ఇంటికి వచ్చింది. ఆలూరులో రెండు గదుల ఇల్లు కట్టుకుంటున్నారట. కరెంటు పని నన్నే చేయమంది.  ఆలూరులో, చేవెళ్లలో ఎలక్ట్రీషియన్లు లేరా? పని మానేశానని, చూపు తగ్గిందని ఏవో సాకులు చెప్పాను. ఒప్పుకోలేదు.

మర్నాడు ఆలూరు వెళ్లాను. గోడలు లేచాయి, ఇంకా కప్పు పడలేదు. ఇంటి వెనక ఎర్త్ గుంతకు చోటు గుర్తుపెట్టి, అడగకుండా ఉండలేక అడిగాను.

"నన్నే ఎందుకు పిలిచినవ్ చెల్లె? నేను చేసిన నిర్వాకం చూసినవు గదా!"

"చూసిన కాబట్టే పిలిచిన" అంది. "వేరేటోన్ని పిలిస్తె, నీకేం తెల్సు అంటడు. నువ్వు గామాట అనవు ఇగ."

 గడ్డపార తీసుకున్నాను. ఆమె గుంతలో నింపే బొగ్గూ ఉప్పూ బస్తాలు తెచ్చి పక్కన పెట్టి, గుంత గట్టున కూర్చుంది. నడుము లోతు దాటాక చెమట తుడుచుకుంటూ పైకి చూశాను.

"సరిపోతది చెల్లె."

ఆమె వంగి లోపలికి చూసింది.

"ఇంకో మూరెడు తవ్వన్నా."

తవ్వాను.